రికార్డుల్లో కనిపించని రెండేళ్లు: పౌలీనో అల్కాంతరా తొలినాళ్ల ఆట

బార్సిలోనా ఫుట్‌బాల్ క్లబ్ పాత లెక్కల్లో పౌలీనో అల్కాంతరా పేరు ఎదుట రెండు వరుసలు ఉంటాయి. 1912 నుంచి 1916 వరకు ఒకటి, 1918 నుంచి 1927 వరకు ఇంకొకటి. మధ్యలో ఖాళీ. క్లబ్ చరిత్ర రాసేవాళ్లు ఆ ఖాళీని ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తారు: తల్లిదండ్రులతో ఫిలిప్పీన్స్ వెళ్లాడు, రెండేళ్లకు తిరిగొచ్చాడు, అంతే. కానీ ఫిలిప్పీన్స్ వైపు నుంచి చూస్తే కథ తిరగబడుతుంది. ఆ దేశపు జాతీయ జట్టు ఇప్పటికీ దాటలేకపోయిన అతి పెద్ద గెలుపు సరిగ్గా ఆ ఖాళీలోనే ఉంది. ఒకే కుర్రాడి వయసులో అవే రెండేళ్లు ఒక చోట లోటు, ఇంకో చోట శిఖరం. అల్కాంతరా తొలినాళ్ల ఆటను అర్థం చేసుకోవాలంటే గోల్స్ లెక్క కన్నా ముందు ఈ రెండేళ్లను చూడాలి.

మన దగ్గర ఫుట్‌బాల్ చూసే కుర్రాళ్లకు లామిన్ యమాల్ పేరు కొత్త కాదు. 2023 ఏప్రిల్ 29న బార్సిలోనా తరఫున మైదానంలోకి దిగేనాటికి అతనికి 15 ఏళ్ల 9 నెలల 16 రోజులు. స్పెయిన్ జాతీయ లీగ్ అయిన లా లిగాలో ఆ క్లబ్‌కు ఆడిన అతి పిన్న వయస్కుడు అతనే. అయితే క్లబ్ మొత్తం చరిత్రలో మాత్రం కాదు. ఆ స్థానం 111 ఏళ్ల ముందు 15 ఏళ్ల 4 నెలల 18 రోజుల వయసులో బరిలోకి దిగిన ఒక ఫిలిప్పీన్స్ పిల్లవాడిది. యూరప్ క్లబ్‌కు ఆడిన తొలి ఆసియా ఆటగాడిగా కూడా అతని పేరే చెబుతారు.

అల్కాంతరా 1896 అక్టోబర్ 7న పనాయ్ ద్వీపంలోని ఇలోయిలో ప్రాంతంలో, కొన్సెప్సియోన్ అనే సముద్రతీరపు ఊళ్లో పుట్టాడు. తండ్రి స్పెయిన్ సైన్యంలో అధికారి. తల్లి ఇలోయిలో ఆడపడుచు. పుట్టిన కాలం మామూలుది కాదు. అప్పటికి రెండు నెలల ముందే స్పెయిన్ పాలన మీద ఫిలిప్పీన్స్‌లో తిరుగుబాటు మొదలైంది. బిడ్డకు మూడు నెలలు నిండకముందే, ఆ ఏడాది డిసెంబర్ 30న, మనీలాలో ఫిలిప్పీన్స్ జాతీయ నాయకుడు హోసే రిజాల్‌ను కాల్చి చంపారు. 1898 డిసెంబర్‌లో ప్యారిస్ ఒప్పందం కుదిరింది. రెండు కోట్ల డాలర్లు తీసుకుని స్పెయిన్ ఆ ద్వీపాలను అమెరికాకు వదిలేసింది. అదే నెలలో స్పెయిన్ సైన్యం ఇలోయిలో నుంచి కూడా ఓడలెక్కింది. అల్కాంతరా కుటుంబం బార్సిలోనా చేరేనాటికి పిల్లవాడికి మూడేళ్లు. ఒక సామ్రాజ్యం కూలిపోతూ రెండు దేశాల మధ్య పడేసిన ఇల్లు అది. తర్వాత ఆ కుర్రాడి జీవితంలో వచ్చిన ప్రతి మలుపులోనూ ఆ రెండు దేశాలూ ఉన్నాయి.

ఆ రోజుల్లోనే, 1899 నవంబర్ 29న, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన హాన్స్ గాంపర్ ఓ పదిమందిని పోగేసి బార్సిలోనా క్లబ్ పెట్టాడు. కాటలాన్లు, అంటే బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతపు జనం, అతన్ని జోన్ గాంపర్ అని తమవాణ్ని చేసుకున్నారు. ఆ క్లబ్ మొదటి జట్టులో స్విస్ వాళ్లు, ఇంగ్లిష్ వాళ్లు, జర్మన్లు, కాటలాన్లు కలిసి ఆడారు. ఇది గమనించాల్సిన విషయం. ఊరికి కొత్తగా వచ్చినవాడే పెట్టిన క్లబ్‌లో, ఇంకో కొత్తవాడి పుట్టుక గురించి ఎవరు అడుగుతారు? అదే నగరంలో స్థానికుల పట్టు గట్టిగా ఉన్న చోటికి ఈ పిల్లవాడు వెళ్లి ఉంటే తలుపు అంత తేలిగ్గా తెరుచుకునేదని చెప్పలేం. గాలెనో అనే చిన్న జట్టులో ఆడుతున్న అతన్ని గాంపరే చూసి పిలుచుకున్నాడు. గాలెనో అంటే ప్రాచీన వైద్యుడు గేలెన్ పేరు. ముందుముందు ఈ కుర్రాడు వైద్యం వైపు నడిచిన దారి తెలిసినవాళ్లకు ఆ పేరు చూస్తే మనసు ఒక్క క్షణం ఆగుతుంది.

అప్పటి బార్సిలోనా మైదానం ఇప్పటి క్యాంప్ నౌ లాంటిది కాదు. ఇండుస్ట్రియా వీధిలో 1909లో మొదలైన చిన్న మైదానం, పట్టుగా కూర్చుంటే ఆరు వేల మంది. జనం ఎక్కువైనప్పుడు చోటు దొరకనివాళ్లు చుట్టూ ఉన్న ప్రహరీ గోడెక్కి కాళ్లు లోపలికి వేలాడేసుకుని కూర్చునేవారు. వీధిలో నడిచేవాళ్లకు వరుసగా వాళ్ల వీపులూ పిరుదులూ కనబడేవి. అక్కడి నుంచే బార్సిలోనా అభిమానులకు 'కులే', అంటే పిరుదులవాళ్లు, అనే పేరు వచ్చింది. నేటికీ ప్రపంచమంతా ఆ పేరుతోనే పిలుచుకుంటారు. ఆ గోడ మీద కూర్చున్నవాళ్లు చూసిన కుర్రాడు సన్నగా ఉండేవాడు. నిక్కరు నడుం దగ్గర తెల్లటి చేతిరుమాలు వేలాడుతూ ఉండేది. పాత ఛాయాచిత్రాల్లో అతన్ని గుర్తుపట్టడానికి ఆ రుమాలు చాలు.

1912 ఫిబ్రవరి 25న ఆ మైదానంలోనే కాటలాన్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్. ప్రత్యర్థి కాటలా క్లబ్. బార్సిలోనా 9-0తో గెలిచింది. మొదటి మూడు గోల్స్ అల్కాంతరావి. అడుగుపెట్టిన తొలి అధికారిక మ్యాచ్‌లోనే, ఇంకా మీసం రాని వయసులో హ్యాట్రిక్.

ఆ తేదీని ఆసియా వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. అప్పటికి ఏడు నెలల ముందు, 1911 జూలై 29న, కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. ఈ రెండు ఘటనలకూ నేరుగా సంబంధం లేదు. కానీ ఒకే ఏడాది వ్యవధిలో, వలస పాలకుల ఆటను ఆసియాలో పుట్టినవాళ్లు రెండు వేరువేరు చోట్ల తమ కాళ్లతో శాసించారు. ఒకటి జట్టుగా, సొంత గడ్డ మీద. ఇంకొకటి ఒంటరిగా, పాలకుల గడ్డ మీద. మనకు మొదటిది తెలుసు. రెండోది కూడా తెలుసుకోదగ్గదే.

అయితే తొమ్మిది గోల్స్ గెలుపును చూసి వెంటనే అద్భుతం అనేయకూడదు. 1912లో స్పెయిన్‌లో జట్ల మధ్య అంతరం చాలా పెద్దది. గట్టి జట్లు నాలుగైదు, మిగతావి నెట్టుకొచ్చేవి. అలాంటి రోజుల్లో భారీ స్కోర్లు మామూలే. మరోవైపు, ఆ రోజుల్లో గోల్ కొట్టడం ఇప్పటికన్నా ఒక విషయంలో కష్టం. 1925 వరకు ఆఫ్‌సైడ్ నియమం వేరుగా ఉండేది. బంతి అందుకునే ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య ప్రత్యర్థులు కనీసం ముగ్గురు ఉండాలి. ఇప్పుడు ఇద్దరుంటే చాలు. అంటే ఆ రోజుల్లో ఒక్క డిఫెండర్ నాలుగడుగులు ముందుకు జరిగితే చాలు, ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్‌లో చిక్కుకుపోయేవాడు. గోల్ దగ్గర మాటువేసి కూర్చునే ఆట సాగేది కాదు. వెనుక నుంచి పరుగెత్తుకొస్తూ, సరైన క్షణంలో బంతి అందుకుని, దూరం నుంచే గట్టిగా కొట్టగలిగినవాడికే ఆ నియమం కింద గోల్స్ దక్కేవి. అల్కాంతరా ఎడమవైపు లోపలి ఫార్వర్డ్‌గా ఎదిగాడు. అతని పేరు చెప్పగానే స్పెయిన్‌లో ఇప్పటికీ గుర్తొచ్చేది షాట్ బలమే. 1922 ఏప్రిల్ 30న బోర్డోలో ఫ్రాన్స్ మీద అతను కొట్టిన బంతి వలను చింపుకుని బయటికి పోయిందని, అందుకే 'వల చింపేవాడు' అని పేరొచ్చిందని చెబుతారు. ఆ పేరు పెద్దయ్యాక వచ్చిందే కానీ, ఆ షాట్ అవసరం మాత్రం చిన్నప్పుడు నేర్చుకున్న ఆట నియమాల్లోనే ఉంది.

1913లో బార్సిలోనా కాటలాన్ ఛాంపియన్‌షిప్, స్పెయిన్ జాతీయ కప్ అయిన కోపా, పిరినీస్ కప్ మూడూ గెలుచుకుంది. 1916లో మళ్లీ కాటలాన్ ఛాంపియన్‌షిప్. ఇరవై ఏళ్లు నిండకముందే ఆ కుర్రాడు నగరంలో అందరికీ తెలిసిన పేరయ్యాడు. సరిగ్గా అప్పుడే తల్లిదండ్రులు ఫిలిప్పీన్స్ తిరిగి వెళ్లాలని నిర్ణయించుకున్నారు. కొడుకూ వెళ్లాడు.

ఇప్పటి కళ్లతో చూస్తే ఇది మింగుడుపడదు. ఈ వయసులో, ఈ ఊపులో ఉన్న ఆటగాణ్ని క్లబ్ ఎలా వదులుకుంది? కాంట్రాక్టు ఏమైంది? సమాధానం సులువు. వదులుకోవడానికి పట్టుకుని ఉన్నది ఏమీ లేదు. స్పెయిన్‌లో ఫుట్‌బాల్‌ను వృత్తిగా అధికారికంగా ఒప్పుకున్నది 1926లో. జాతీయ లీగ్ మొదలైంది 1929లో. అల్కాంతరా 1927లోనే ఆట మానేశాడు కాబట్టి లా లిగాలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అంటే అతని తొలినాళ్లలో ఆట పేరు తెచ్చేది, మనుషుల్ని తెచ్చేది, కూడు మాత్రం పెట్టేది కాదు. అలాంటప్పుడు ఇంట్లో ఏమనుకుంటారో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ముందు చదువు. కొడుకు డాక్టర్ కావాలి. మనీలాలో అతను వైద్యవిద్యలో చేరాడు.

అతను తిరిగొచ్చిన ఫిలిప్పీన్స్ వేరే దేశంగా మారిపోతోంది. స్పెయిన్ పోయి అమెరికా వచ్చి పద్దెనిమిదేళ్లు కావస్తోంది. బడుల్లో ఇంగ్లిష్, మైదానాల్లో బేస్‌బాల్. వైఎంసీఏ నుంచి వచ్చిన ఎల్వుడ్ బ్రౌన్ లాంటివాళ్లు మనీలాలో బాస్కెట్‌బాల్, వాలీబాల్ పాతుకునేలా చేశారు. 1913లో తొలి ఫార్ ఈస్టర్న్ క్రీడలు మనీలాలోనే జరిగాయి, వాటి వెనుకా బ్రౌనే ఉన్నాడు. ఫుట్‌బాల్ చచ్చిపోలేదు, కానీ ఊరూరా పాకే ఆటగా ఎదగలేదు. మనీలాలో కొన్ని క్లబ్బులు, ఇలోయిలో వైపు కొన్ని ఊళ్లు. ఇలోయిలోలోని బరోతక్ నువేవో అనే ఊరికి ఈనాటికీ ఫుట్‌బాల్ ఊరని పేరు. దేశమంతా మాత్రం బుట్టలో బంతి వేసే ఆట వెంట వెళ్లింది. ఒక ఆటకు దేశంలో వేళ్లు పట్టడానికి ఒక తరం చాలు, ఊడిపోవడానికీ ఒక తరమే చాలు. అల్కాంతరా సరిగ్గా ఆ సంధి కాలంలో అక్కడ ఉన్నాడు.

బొహీమియన్ స్పోర్టింగ్ క్లబ్ తరఫున అతను ఆడిన 1917, 1918 సంవత్సరాల్లో ఆ జట్టు ఫిలిప్పీన్స్ విజేత. టేబుల్ టెన్నిస్‌లో కూడా దేశం తరఫున ఆడాడు. 1917 మే నెలలో టోక్యోలో ఫార్ ఈస్టర్న్ క్రీడలు జరిగితే ఫుట్‌బాల్ జట్టుతో వెళ్లాడు. మే 10న ఫిలిప్పీన్స్ 15, జపాన్ 2.

ఈ స్కోరును కూడా నిదానంగా చూడాలి. జపాన్‌కు అంతర్జాతీయ ఫుట్‌బాల్ అంటే అప్పుడే మొదలు. ముందురోజే చైనా చేతిలో 5-0తో ఓడింది, అదే వాళ్ల తొలి అంతర్జాతీయ మ్యాచ్. జట్టు అంటే టోక్యోలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థులు. ఆ దేశానికి ఫుట్‌బాల్ సంఘమే 1921 దాకా లేదు. యూరప్‌లో కప్పులు గెలిచిన ఫార్వర్డ్ ఒకడు అలాంటి జట్టు ఎదురుగా నిలబడ్డాడు. ఫలితంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమంతా తర్వాత జరిగినదానిలో ఉంది. ఆ ఓటమి నుంచి జపాన్ సంఘం కట్టుకుంది, బడుల్లో ఆట పెంచుకుంది, 1998 నుంచి ఒక్క ప్రపంచకప్ కూడా వదలకుండా ఆడుతోంది. 15 గోల్స్ కొట్టిన దేశపు పురుషుల జట్టు ఇంతవరకు ఆ మెట్టు ఎక్కలేదు. చేతిలో అల్కాంతరా లాంటి ఆటగాడు ఉండి కూడా ఫిలిప్పీన్స్ అతని చుట్టూ ఏమీ కట్టుకోలేకపోయింది. అది ఆ కుర్రాడి తప్పు కాదు. ఏ వ్యవస్థా లేని చోట ఒక్కడి ప్రతిభ ఒక్క స్కోరుగానే మిగులుతుంది. ఆ కాలపు ఫిలిప్పీన్స్ ఫుట్‌బాల్‌ను తలచుకున్నప్పుడల్లా బాధ కలిగించేది ఇదే.

ఇటు బార్సిలోనా పరిస్థితి బాగాలేదు. అతను లేని రెండేళ్లలో క్లబ్‌కు ఒక్క ట్రోఫీ రాలేదు. పిల్లవాణ్ని పంపమని తల్లిదండ్రుల్ని బతిమాలుతూ క్లబ్ కబురు పంపింది. వాళ్లు ఒప్పుకోలేదు. ఈలోగా కుర్రాడికి మలేరియా పట్టుకుంది. ఆ రోజుల్లో దానికి మందంటే క్వినైన్, నాలుక మీద పెడితే గంటసేపు నోరంతా చేదు. బార్సిలోనా పంపుతామంటేనే మందు మింగుతానని మొండికేశాడని, చివరికి తల్లిదండ్రులే దిగొచ్చారని ఆ కథ చెబుతారు. చెప్పుకునేకొద్దీ మెరుగుపడిన కథ అయ్యుండొచ్చు. అయినా కొట్టిపారేయనక్కర్లేదు. కాంట్రాక్టు లేదు, ఏజెంటు లేడు, జీతం లేదు. ఇరవయ్యేళ్ల కుర్రాడికి బేరం పెట్టడానికి మిగిలింది తన ఒళ్లొక్కటే. చలిజ్వరంతో వణుకుతూ మంచం మీద ఉన్న కొడుకు, చేతిలో మందుతో తల్లి. ఆట ఎంత లోతుగా దిగిందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

1918లో అతను బార్సిలోనా చేరాడు. అప్పటికి కోచ్ జాక్ గ్రీన్‌వెల్. ఇంగ్లండ్‌లోని డర్హమ్ బొగ్గుగనుల ప్రాంతం నుంచి వచ్చినవాడు, అంతకుముందు అదే జట్టులో అల్కాంతరా పక్కన ఆడినవాడు. ఏమనుకున్నాడో కానీ, తిరిగొచ్చిన ఫార్వర్డ్‌ను వెనక్కి లాగి డిఫెన్స్‌లో ఆడించాడు. గోడ మీద కూర్చునే జనానికి ఇది నచ్చలేదు. క్లబ్ సభ్యులు గొడవ చేశారు. గ్రీన్‌వెల్ వెనక్కి తగ్గి అతన్ని మళ్లీ ముందుకు పంపాడు. దీన్ని కోచ్ పొరపాటుగా చెప్పడం మామూలే. కానీ గ్రీన్‌వెల్ మామూలు కోచ్ కాదు, ఆ తర్వాతి ఏళ్లలో బార్సిలోనా స్వర్ణయుగాన్ని నడిపింది అతనే. మైదానం మొత్తం చదవగల ఆటగాడు వెనుక నుంచి ఆట నడిపితే ఎలా ఉంటుందని అతను చూడాలనుకోవడంలో అర్థం ఉంది. పొరపాటల్లా ఒక్కటే. ఆ కుర్రాడు ఖండాలు దాటి, మందు మానేస్తానని బెదిరించి మరీ వచ్చింది గోల్స్ కొట్టడానికి.

1919 ఏప్రిల్ 13న రియల్ సోసియెదాద్‌తో మ్యాచ్‌లో అతను కొట్టిన బంతి దారిలో అడ్డొచ్చిన పోలీసును కూడా తీసుకెళ్లి వలలో పడేసిందంటారు. 'పోలీసు గోల్' అని దానికి పేరు. ఆ ఏడాదే గోల్‌కీపర్ రికార్దో జమోరా, జోసెప్ సమితియర్ జట్టులో చేరారు. ఇక అక్కడి నుంచి కథ తొలినాళ్లది కాదు.

కానీ తొలినాళ్ల తగవు మాత్రం తీరలేదు. 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కు స్పెయిన్ జట్టు తొలిసారి వెళ్తోంది. అల్కాంతరాకూ పిలుపు వచ్చింది. అతను వెళ్లలేదు, వైద్యవిద్య చివరి పరీక్షలు రాశాడు. స్పెయిన్ ఆ ఒలింపిక్స్ నుంచి వెండి పతకంతో తిరిగొచ్చింది. స్పెయిన్ చొక్కా అతను తొడిగింది 1921 అక్టోబర్‌లో, 25 ఏళ్ల వయసులో. బిల్బావోలో బెల్జియం మీద 2-0 గెలుపు, రెండు గోల్సూ అతనివే. మన దేశంలో ఇలాంటి దారిలో నడిచినవాడు తాలిమెరెన్ ఆవ్. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టు కెప్టెన్, కలకత్తాలో వైద్యం చదివి, చివరికి నాగాలాండ్‌లో డాక్టర్‌గా స్థిరపడినవాడు. ఇద్దరి విషయంలోనూ 'ఆట వదులుకున్నాడు' అని జాలిపడటం సరికాదు. వాళ్ల కాలంలో ఆట జీవితంలో ఒక భాగం, అంతవరకే. బతుకుదెరువు వేరు.

గోల్స్ లెక్క విషయానికొస్తే, చాలాకాలం 369 అని చెప్పుకున్నారు. 2014 మార్చిలో ఒసాసునా మీద హ్యాట్రిక్‌తో లియొనెల్ మెస్సీ ఆ సంఖ్య దాటాడు. తర్వాత క్లబ్ లెక్కల్లో 399 మ్యాచ్‌ల్లో 395 అని వచ్చింది. ఇందులో పెద్ద వాటా స్నేహపూర్వక మ్యాచ్‌లది. మెస్సీతో పోల్చి తక్కువ చేయడానికి కొందరు ఈ మాటే ఎత్తుతారు. జాతీయ లీగ్ లేని రోజుల్లో క్లబ్‌కు టికెట్ల డబ్బు వచ్చేదీ, బయటి దేశాల మంచి జట్లు ఎదురయ్యేదీ ఎక్కువగా ఆ మ్యాచ్‌ల్లోనే. వాటిని తీసేస్తే మిగిలేది ఆ కాలపు ఆట కాదు. అలాగని మెస్సీ గోల్స్ పక్కన పెట్టి కూడిక తీసివేతలు చేయడమూ అనవసరం. రెండు వేరు ఆటలు.

ఇంకొక మాట చెప్పుకోవాలి. యూరప్ తండ్రి, ఫిలిప్పీన్స్ తల్లి, పరాయి గడ్డ మీద నేర్చిన ఆట, తర్వాత తల్లి దేశపు చొక్కా. అల్కాంతరాతో మొదలైన ఈ వరస వందేళ్ల తర్వాత ఫిలిప్పీన్స్ జట్టులో మామూలైంది. ఆ దేశానికి అత్యధిక గోల్స్ చేసిన ఫిల్ యంగ్‌హజ్బండ్ ఇంగ్లండ్‌లో పెరిగి, చెల్సీ అకాడమీలో నేర్చుకున్నవాడే. 2010 డిసెంబర్‌లో హనోయిలో వియత్నాంను 2-0తో ఓడించి దేశాన్ని ఉర్రూతలూగించిన జట్టులో అతనూ ఉన్నాడు. 2023 జూలై 25న వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ మీద మహిళల ప్రపంచకప్‌లో ఫిలిప్పీన్స్‌కు తొలి గెలుపు తెచ్చిన గోల్ కొట్టిన సరీనా బోల్డెన్ అమెరికాలో పెరిగింది. బయట పెరిగినవాళ్లు నిజమైన ఫిలిప్పీనోలేనా అని అక్కడ అప్పుడప్పుడూ వాదనలు నడుస్తాయి. ఆ వాదన చేసేవాళ్లు 1917 టోక్యో జట్టును గుర్తుచేసుకోవాలి.

2018లో ఫిలిప్పీన్స్ తన దేశవాళీ కప్ పోటీకి కోపా పౌలీనో అల్కాంతరా అని పేరు పెట్టుకుంది. అతను మనీలా వదిలి వెళ్లిన సరిగ్గా వందేళ్లకు. తొలి ఏడాది ఆ కప్పు గెలిచిన జట్టు కాయా. పేరులో తన ఊరిని కూడా కలుపుకుంది: కాయా ఇలోయిలో.